మూలుగకు లెక్క చెప్పేదెవరు?

రక్తపరీక్షలో తెల్లకణాల కౌంట్ పెరిగితే డాక్టరు ‘ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉంది’ అంటారు. పుండు కాలిమీద ఉంది, తెల్లకణాలు పుట్టేదేమో తుంటి ఎముక మూలుగలో. కబురు అక్కడిదాకా ఎలా చేరింది?

1966లో మెల్‌బోర్న్‌లో రే బ్రాడ్లీ, డొనాల్డ్ మెట్‌కాఫ్ ఎలుక మూలుగ కణాలను అగర్ అనే జెల్లీలాంటి పదార్థంలో పెంచి చూశారు. ఒంటరిగా ఉంచితే అవి ఎదగలేదు. అడుగున వేరే కణాల పొర వేస్తే మాత్రం గుంపులు గుంపులుగా పెరిగాయి. ఇజ్రాయెల్‌లో లియో శాక్స్ బృందానికీ విడిగా ఇదే కనిపించింది. ఆ పొరలోంచి ఊరి వచ్చే ప్రోటీన్లకే తర్వాత కాలనీ స్టిమ్యులేటింగ్ ఫ్యాక్టర్లని పేరొచ్చింది. ఒంట్లో వీటిని తయారుచేసే కణాల్లో సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్‌లు, రోగనిరోధక దళంలోని టీ కణాలూ ఉన్నాయి. అంటే సూక్ష్మజీవితో తలపడే కణమే, సాయానికి ఇంకొందరిని పుట్టించమని మూలుగకు కబురు పెడుతోంది.

పుట్టించమనడం సరే, చాలు అనేదెవరు? నాకైతే అసలు ముచ్చట ఇక్కడే ఉందనిపిస్తుంది. తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్ ఆయుష్షు చాలా తక్కువ. రక్తంలోంచి కణజాలంలోకి వెళ్లి అక్కడే చనిపోతుంది, మాక్రోఫేజ్ దాన్ని మింగేస్తుంది. మింగిన మాక్రోఫేజ్ ఐఎల్-23 అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. అది తగ్గితే కొన్ని టీ కణాలు ఐఎల్-17 అనే మరో ప్రోటీన్‌ను తగ్గిస్తాయి, దాంతో న్యూట్రోఫిళ్లను పుట్టించే కాలనీ స్టిమ్యులేటింగ్ ఫ్యాక్టరైన జీ-సీఎస్ఎఫ్ తగ్గి, మూలుగ నెమ్మదిస్తుంది. మెతుకు పట్టి అన్నం సంగతి చెప్పినట్టు, తనకు దొరికిన శవాలను బట్టి మాక్రోఫేజ్ మొత్తం లెక్క కడుతుందన్నమాట! న్యూట్రోఫిళ్లు రక్తనాళం దాటి బయటికి రాలేని ఎలుకల్లో ఈ లెక్క తప్పింది. శవాలు అందక, రక్తంలో వాటి సంఖ్య విపరీతంగా పెరిగిపోయింది.

కీమోథెరపీ తర్వాత ఇచ్చే ‘కౌంట్ పెంచే ఇంజెక్షన్’ ఈ జీ-సీఎస్ఎఫ్ మందే. అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ దాన్ని గ్రాఫీల్ పేరుతో తెచ్చింది.

మూలుగ మీద ఈ రోగనిరోధక కణాల పెత్తనం వికటిస్తే మూలుగే ఎండిపోతుంది. ఆ జబ్బే అప్లాస్టిక్ ఎనీమియా. దాని రోగుల్లో చాలామందికి టీ కణాలే రక్తకణాలను పుట్టించే మూలకణాల మీద పడతాయి, గామా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌తో వాటిని అణగదొక్కుతాయి. తప్పు టీ కణాలదేనన్న అనుమానానికి బలమిచ్చింది ఫ్రాన్స్‌లో జార్జ్ మాతే బృందం. మూలుగ మార్పిడికి ముందు టీ కణాలను అణిచే సీరం ఇస్తే, దాత మూలుగ నిలవకపోయినా కొందరిలో సొంత మూలుగే కోలుకుందని 1970లో రాశారు. ఇప్పటికీ తగిన దాత దొరకని రోగులకు ఆ కోవ మందే ఇస్తారు. గుర్రం రక్తంలోంచి తీసింది, కుందేలు రక్తంలోంచి తీసినదానికంటే బాగా పనిచేస్తుందని 2011లో తేలింది.