పాల మీద గొడవ, మూలం దాణాలో

పశువుల దాణాకు పట్టిన బూజు నుంచి పాలలోకి దిగే విషం, అఫ్లటాక్సిన్ ఎం1, మళ్లీ చర్చకు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ప్రశ్న ఒకటే: కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములన్న మన పరిమితి సరిపోతుందా, యూరప్‌లా 0.05కి దించాలా? 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోవడం, అవి తిన్న బ్రెజిల్ వేరుశెనగ చెక్కలో ఈ బూజు విషం దొరకడం చాలామందికి తెలిసిన కథే. ఇవాళ్టి గొడవకు మలుపు మాత్రం అక్కడ లేదు. ఆ తర్వాత అదే ఇంగ్లండ్‌లో, వేబ్రిడ్జ్‌లోని సెంట్రల్ వెటర్నరీ లేబొరేటరీలో జరిగిన ఒక పరీక్షలో ఉంది.

చేసింది రూత్ ఆల్‌క్రాఫ్ట్. పశువుల్లో సీసం విషం మీదా, ఫ్లోరైడ్ జబ్బు మీదా పనిచేసిన శాస్త్రవేత్త. రెండూ మేతతో పాటు కడుపులోకి వెళ్లేవే. అదే చెక్క తిని కూడా చావని ఆవు సంగతేమిటి? ఆమె, సహచరుడు కార్నాఘన్ విషపు చెక్క తిన్న ఆవుల పాల సారాన్ని బాతు పిల్లలకు పెట్టి చూశారు. నేరుగా చెక్క తిన్న బాతు పిల్లల కాలేయంలో పైత్యనాళాల కణాలు ఎలా విపరీతంగా పెరిగేవో, వీటిలోనూ అలాగే పెరిగాయి. 1963లో ఆ ఫలితం అచ్చయింది. పాలలోకి దిగిన ఆ విషాన్నే ఇప్పుడు ఎం1 అంటున్నాం. కాచినా, పాశ్చరైజ్ చేసినా అది పోదు. పాల ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి చీజ్, పనీర్‌లలో ఇంకా చిక్కబడుతుంది.

అంత కొంచెం విషానికి ఇంత టెన్షన్ ఎందుకు అంటే, జవాబు డీఎన్ఏలో ఉంది. కాలేయంలోని ఎంజైములు ఈ విషాన్ని వదిలించుకోబోయి ఎపాక్సైడ్ అనే చురుకైన పదార్థంగా మారుస్తాయి. అది డీఎన్ఏలోని గ్వానిన్ అనే భాగానికి అతుక్కుంటుంది. ఆ అతుకు ఎలా ఉంటుందో అమెరికాలోని ఎంఐటీలో ఎస్సిగ్‌మన్, వోగన్ల బృందం 1977లో తేల్చింది. కొన్నిసార్లు అది ఊడిపోయి ఖాళీ మిగులుతుంది. కొన్నిసార్లు గ్వానిన్ వలయం తెరుచుకుని అతుకు అక్కడే పాతుకుపోతుంది, దాన్ని సరిచేయడం కణానికి కష్టం. సరికాకపోతే అది కేన్సర్‌కు దారితీయవచ్చు. నీల్1 అనే మరమ్మతు ఎంజైము లేని చిట్టెలుకలకు అఫ్లటాక్సిన్ ఇస్తే కాలేయ కణుతులు ఎక్కువగా వచ్చాయని 2017లో వెల్లడైంది.   

0.5 చాలంటున్న డెయిరీల వాదన సూటిగా ఉంటుంది. ఎం1 బలం దాణాలో ఉండే అసలు విషమైన అఫ్లటాక్సిన్ బీ1లో పదో వంతే. రెండు పరిమితుల మధ్య కేన్సర్ ముప్పులో తేడా చాలా స్వల్పమని 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలైన ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓ నిపుణులే చెప్పారు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఖరారు చేసిందీ 0.5నే. ఇవన్నీ నిజాలే.

అయితే ఆ నిపుణులే అంతకుముందు మరో మాట చెప్పారు. హెపటైటిస్ బి ఉన్నవారిలో అఫ్లటాక్సిన్ కేన్సర్ బలం సుమారు 30 రెట్లు. పైగా దీనికి ‘రోజుకు ఇంతవరకు ఫర్వాలేదు’ అనే మోతాదు వాళ్లు ఎప్పుడూ పెట్టలేదు, వీలైనంత తగ్గించమనే అన్నారు. పాలే ప్రధాన ఆహారమైన పసిపిల్లల లెక్క సగటు మనిషి లెక్కలో కలిసిపోతుంది కూడా.

ఇక దాణా లెక్క చూడండి. మన ప్రమాణాల ప్రకారం కిలో దాణాలో బీ1 20 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. ఆవు రోజుకు 5 కిలోలు తింటే 100 మైక్రోగ్రాములు. అందులో 2 శాతం ఎం1గా 10 లీటర్ల పాలలోకి దిగితే లీటరుకు 0.2 మైక్రోగ్రాములు. మన దగ్గర పాస్, యూరప్‌లో నాలుగు రెట్లు ఎక్కువ. పాలిచ్చే పశువుల దాణాకు యూరప్ పెట్టిన 5 మైక్రోగ్రాముల పరిమితితో ఇదే లెక్క వేస్తే సరిగ్గా 0.05 వస్తుంది. అక్కడ పాల పరిమితికి దాణా పరిమితి జతగా నడుస్తోంది. మన దగ్గర, ఈనిన కొత్తలో బాగా పాలిచ్చే ఆవుల్లో 6 శాతం దాకా దిగవచ్చు కాబట్టి, ప్రమాణానికి లోబడిన దాణా తిన్న ఆవు కూడా 0.5 దాటే పాలివ్వగలదు. దాణా గీటు కదపకుండా పాల గీటు దించితే శాంపిల్ ఫెయిలయ్యేది రైతుదే.

దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో దేశమంతటా తీసిన పాల శాంపిల్స్‌లో 5.7 శాతంలో ఎం1 పరిమితి దాటింది. ఇది దాణా, మేత ద్వారానే వస్తోందని మరుసటి ఏడాది నివేదికలో ఆ సంస్థే చెప్పింది. ఇది నీళ్లు కలిపే కల్తీ లాంటిది కాదు. తడిసిన బస్తాలో బూజు పడితే రైతుకు తెలియకుండానే పాలలోకి దిగుతుంది. వేరుశెనగలో ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే కిట్లను పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంట పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఎప్పుడో తయారు చేసింది. పాడైన దాణా ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలలో ఎం1 దాదాపు కనిపించకుండా పోతుంది.