బీమా నుంచి ట్రస్టుకు, ట్రస్టు నుంచి మళ్లీ బీమాకు

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం రెండున్నర లక్షల రూపాయల దాకా వైద్యం ఖర్చును బీమా కంపెనీ భరిస్తుంది, ప్రీమియం ప్రభుత్వం కడుతుంది. ఆ పైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు చూసుకుంటుంది. ఆరోగ్యశ్రీకి ఆంధ్రలో ఇప్పుడున్న పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, దాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఈ ట్రస్టు. అదే నెలలో తెలంగాణలోను, మరుసటి నెలలో ఆంధ్రలోను పథకం కింద వైద్యం చేసే ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రులు, ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదంటూ సేవలు ఆపేశాయి. వేరువేరు వార్తలుగా వచ్చి పోయినా ఈ రెండింటి మూలం ఒక్కటే. పేదవాడి వైద్యానికి సర్కారు డబ్బు పెట్టాలా వద్దా అన్న వాదన మన దగ్గర ఎప్పుడో ముగిసింది. ఏ పార్టీ గద్దెనెక్కినా పథకాన్ని ఎత్తెయ్యదు, మహా అయితే పేరు మారుస్తుంది. ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా వెళ్లి ఎవరి గల్లాపెట్టెలో పడాలన్నదే ఇప్పటికీ తేలలేదు.

స్వాతంత్ర్యానికి ముందు ఏడాది, 1946లో, దేశంలో వైద్య వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన భోర్ కమిటీ తన నివేదికలో డబ్బు కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని రాసింది. అయితే ఆ కమిటీ ఊహలో ఉన్నది ప్రభుత్వమే నడిపే ఆసుపత్రుల వ్యవస్థ. బీమా వేరే దారిలో వచ్చింది. 1948లో కార్మికుల కోసం ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం చేశారు, 1952లో కాన్పూరు, ఢిల్లీలలో పథకం మొదలుపెట్టారు. 1954లో కేంద్ర ఉద్యోగుల కోసం సీజీహెచ్ఎస్ అనే వైద్య పథకం వచ్చింది. జీతం రాళ్లు అందుకునేవాళ్లకు కార్డు దొరికింది. రైతుకూలీకి, చేనేత కార్మికుడికి, రిక్షా తొక్కేవాడికి మాత్రం పెద్దాసుపత్రే దిక్కు.

1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో తెరుచుకున్నాక హైదరాబాదులో వైద్యం తీరు మారింది. తర్వాతి పదేళ్లలో కార్పొరేటు ఆసుపత్రులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. గుండె ఆపరేషన్, కేన్సర్ చికిత్స అంటే ఆ గుమ్మాలే ఎక్కాలన్న పరిస్థితి వచ్చింది. ప్రభుత్వ రంగంలో నిమ్స్ ఆసుపత్రి ఉన్నా అక్కడ బిల్లు కట్టాల్సిందే. కట్టలేనివాళ్లు ఎమ్మెల్యే దగ్గర ఉత్తరం తీసుకుని, సచివాలయం చుట్టూ తిరిగి, ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి చెక్కో ఎల్ఓసీయో (బిల్లు ప్రభుత్వం కడుతుందన్న హామీ పత్రం) తెచ్చుకోవాలి. పలుకుబడి ఉన్నవాడి పని జరిగేది, లేనివాడు పొలం అమ్ముకునేవాడు.

2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా ఎంబీబీఎస్ డాక్టరు. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక సహాయ నిధికి అర్జీలు వెల్లువెత్తాయి. 2004 మే నుంచి 2007 జూన్ దాకా 55 వేలకు పైగా కేసుల్లో సుమారు 168 కోట్లు ఇచ్చినట్టు ప్రభుత్వ లెక్క. ఇన్ని అర్జీలను ఒక్కొక్కటిగా చూసి సంతకాలు పెట్టే బదులు దాన్నే ఒక పద్ధతిగా మారిస్తే పోలా అన్న ఆలోచనే ఆరోగ్యశ్రీకి పుట్టుక. సహాయ నిధి గర్భాన పుట్టింది కాబట్టే ఆ పోలికలు దానికి నేటికీ పోలేదని నా అభిప్రాయం. పెద్ద జబ్బు, పెద్ద ఆసుపత్రి, పైన ముఖ్యమంత్రి బొమ్మ.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. మూడూ వలసల జిల్లాలే. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది చాలకపోతే మరో 50 వేలు. బీమా ఇచ్చింది స్టార్ హెల్త్ కంపెనీ, ప్రీమియం మొత్తం ప్రభుత్వానిదే. రోగి చేతి నుంచి పైసా కదలనక్కర్లేదు. ఆసుపత్రి గుమ్మంలో పథకం తరఫున ఉండే సహాయకులు, అంటే ఆరోగ్యమిత్రలు, కార్డు చూసి వివరాలు రాసుకుంటారు, ఆసుపత్రి ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి అడుగుతుంది, ఒక్కో చికిత్సకు ముందే ఖరారు చేసిన ప్యాకేజీ రేటు ప్రకారం తర్వాత డబ్బు వస్తుంది. అప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న 108 అంబులెన్సు దీనికి తోడైంది. జిల్లా కేంద్రం దాటని మనిషి నగరంలోని ఏసీ వార్డులో బైపాస్ చేయించుకుని ఇంటికి రావడం ఎంత పెద్ద విషయమో 2009 ఎన్నికల్లో అందరికీ అర్థమైంది.

బీమా మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 2008 జులైలో పథకం రాష్ట్రమంతా విస్తరించినప్పుడు ప్రభుత్వం రెండు దారులు పెట్టింది. 330 చికిత్సలు బీమా కంపెనీ కింద, కొత్తగా చేర్చిన 612 నేరుగా ఆరోగ్యశ్రీ ట్రస్టు కింద. అనుమతులిచ్చే డాక్టర్లను, బిల్లులు చూసే సిబ్బందిని ట్రస్టే పెట్టుకోగలిగినప్పుడు మధ్యలో కంపెనీకి నిర్వహణ ఖర్చు, లాభం ఎందుకివ్వాలన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. రాష్ట్రం విడిపోయేనాటికి మొత్తం ట్రస్టు చేతికే వచ్చింది.

అసలు విమర్శ వేరే వైపు నుంచి వచ్చింది. మొదటి జాబితాలో మలేరియా, క్షయ, కామెర్లు, వాంతులు-విరేచనాలు లేవు. వాటికి సర్కారు దవాఖానాలు ఉన్నాయిగా అన్నారు. కానీ పల్లెలో ఇంటి ఖర్చును తినేసేది అవే. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ఆర్ఎంపీ చీటీ, పదేపదే చేయించే రక్తపరీక్షలు. బెడ్డు మీద పడుకుంటే తప్ప పనికిరాని కార్డు వీటిలో దేనికీ అక్కరకు రాదు. సర్కారు డబ్బుతో ప్రైవేటు రంగం బలిసిపోతోందని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఎండిపోతున్నాయని వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ వంటి పరిశోధకులు 2011లోనే హెచ్చరించారు. గర్భసంచి ఆపరేషన్ల గొడవ ఆ మాటకు బలమిచ్చింది. ప్యాకేజీ ఉంది కదా అని అవసరం లేకున్నా, చిన్న వయసు ఆడవాళ్లకు కూడా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆందోళన పెరిగి, చివరికి ఆ ఆపరేషన్‌ను, ఇంకా కొన్నింటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చెయ్యాల్సి వచ్చింది. డబ్బు వెనక వైద్యం నడిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అయినా ఈ నమూనా పక్క రాష్ట్రాలకు పాకింది. తమిళనాడు 2009లో ఇలాంటిదే తెచ్చింది. 2008లో 30 వేల పరిమితితో మొదలైన కేంద్ర పథకం ఆర్ఎస్‌బీవై నీరసించి, 2018 సెప్టెంబరులో రాంచీలో మొదలైన ఆయుష్మాన్ భారత్‌కు దారిచ్చింది. మా పథకమే నయమని దూరంగా ఉన్న తెలంగాణ 2021లో అందులో చేరింది.

విడిపోయాక రెండు రాష్ట్రాలూ పరిమితి పెంచడంలో పోటీపడ్డాయి. ఆంధ్రలో రెండున్నర లక్షలు, ఆపై ఐదు, 2023 డిసెంబరులో ఏకంగా 25 లక్షలు. అదే నెలలో తెలంగాణలో రేవంత్ రెడ్డి ప్రభుత్వం ఐదును పది చేసింది. ఆంధ్రలో చికిత్సల జాబితా 3,257కు చేరింది. పోస్టరు మీద అంకె పెంచడానికి ఆ రోజు ఖర్చేమీ లేదు. ఆసుపత్రికి అందేది ప్యాకేజీ రేటు, అదీ బిల్లు పాసైనప్పుడు. బిల్లులు నెలల తరబడి నిలిచిపోతే చిన్న నర్సింగ్ హోములు అప్పులపాలవుతాయి, పెద్దవి కార్డు రోగికి బెడ్డు ఖాళీ లేదంటాయి.

ఈ చిక్కుకే ఆంధ్ర ప్రభుత్వం ఇప్పుడు బీమాను మందుగా చూపిస్తోంది. ప్రీమియం ముందే కట్టేస్తే బిల్లులు చెల్లించే బాధ్యత కంపెనీది, ఆసుపత్రులు సర్కారు ఖజానా వంక చూడనక్కర్లేదు. వాదన వినడానికి బాగానే ఉంది. కానీ బిల్లులకు డబ్బు సర్దలేని ఖజానా ప్రీమియం వాయిదా మాత్రం తప్పకుండా కడుతుందని నమ్మకమేమిటి? పైగా ట్రస్టు బిల్లు ఆపితే ఆసుపత్రికే నష్టం, కంపెనీ క్లెయిము తిరస్కరిస్తే ఆ డబ్బు కంపెనీకే మిగులు. మూడు లక్షల ఆపరేషన్‌లో మొదటి రెండున్నర ఒకరు, మిగతాది మరొకరు ఇవ్వాలంటే ఇద్దరి అనుమతీ వచ్చేదాకా రోగి ఎక్కడుండాలి? ఇక ట్రస్టు ఇప్పటికే పడ్డ పాత బకాయిల సంగతి. వాటిని ఏ బీమా కంపెనీ నెత్తిన వేసుకోదు. అవి ఖజానా తీర్చాల్సినవే.