నిక్సన్‌కి ఇల్లినాయ్ ఇచ్చినా సరిపోదు: అమెరికా ఎన్నికల 'అలా జరిగుంటే' చరిత్రపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఆదివారం పూట నా దగ్గరికి పదిహేను ఇరవై మంది వస్తారు. కొందరు ఎదురుగా కూర్చుంటారు, కొందరు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఆన్‌లైన్‌లో చేరతారు. డిగ్రీ పిల్లలు, ఒకరిద్దరు రిటైరైన లెక్చరర్లు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు. మేం చేసే పని ఇది: అమెరికా అధ్యక్ష ఎన్నిక ఒకటి తీసుకుని, అందులో ఒకే ఒక్క విషయం మార్చి, ఆ తర్వాత ఏం జరిగి ఉండేదో మెట్టు మెట్టుగా రాస్తాం. మార్చే ఆ ఒక్క విషయాన్ని 'మలుపు' అంటాం. పదమూడేళ్లుగా ఈ క్లాసు నడుస్తోంది. మా నాన్నగారు మాత్రం ఇప్పటికీ ఒకటే మాట: "అత్తకు మీసాలుంటే మామ అని పిలిచేవాళ్లం. దానికో క్లాసెందుకురా?"

ఆయనొక్కరే అయితే సర్దుకుపోయేవాణ్ణి. కొత్తగా చేరేవాళ్లూ ఇలాంటివే కొన్ని మనసులో పెట్టుకుని వస్తారు. తరచూ వినబడేవి ఇవి.

అపోహ: ఇది ఊసుపోక ఆడే ఆట

"నిక్సన్‌కి క్షమాభిక్ష పెట్టి ఫోర్డ్ 1976 ఎన్నిక పోగొట్టుకున్నాడు." వాటర్‌గేట్ కుంభకోణంతో రాజీనామా చేసిన నిక్సన్‌ని, ఆయన తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ క్షమించడం గురించి ఈ మాట చాలామంది చరిత్రకారులు రాశారు, ఎవరూ దాన్ని ఊహాగానం అనరు. కానీ ఆ వాక్యం లోపల ఇంకో వాక్యం ఉంది: 1974 సెప్టెంబర్ 8న ఆ క్షమాభిక్ష ఇవ్వకపోయి ఉంటే ఫోర్డ్ గెలిచేవాడు. మొదటిది ఒప్పుకుంటే రెండోదీ ఒప్పుకున్నట్టే. మేం ఆ రెండోదాన్ని బయటికి లాగి, లెక్క కుదురుతుందా లేదా అని చూస్తాం. అంతకంటే మాయ ఏమీ లేదు.

చూద్దాం. ఫోర్డ్ మీద నెగ్గిన డెమోక్రాట్ కార్టర్ ఒహాయోలో 11,116 ఓట్లతో, హవాయిలో 7,372 ఓట్లతో గెలిచాడు. 8 కోట్లకు పైగా ఓట్లు పోలైన ఎన్నికలో ఈ రెండు చోట్లా కలిపి 9,250 మంది అటు నుంచి ఇటు మారితే ఒహాయో 25, హవాయి 4 ఎలక్టోరల్ ఓట్లు ఫోర్డ్ ఖాతాలో పడతాయి. (అధ్యక్షుణ్ణి తేల్చేవి ఇవే: రాష్ట్రానికి ఇన్నని ఉంటాయి, దాదాపు అన్నిచోట్లా ఆ రాష్ట్రంలో గెలిచినవాడికే మొత్తం వెళ్తాయి.) ఆయనకు రావాల్సిన 241కి అవి కలిపితే 270, మెజారిటీకి కావాల్సినవి సరిగ్గా అన్నే. గెలిచినట్టే అనుకుంటాం. కాదు! ఆ ఏడాది వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ఒక రిపబ్లికన్ ఎలక్టర్ (రాష్ట్రం తరఫున ఆ ఓటు వేసే మనిషి) ఫోర్డ్‌ని కాదని రీగన్‌కి ఓటేశాడు. అతను ఈ ఊహలో కూడా అదే పని చేస్తే ఫోర్డ్ 269, కార్టర్ 268, రీగన్ 1. ఎవరికీ మెజారిటీ లేదు. విషయం ప్రతినిధుల సభకు వెళ్తుంది, అక్కడ డెమోక్రాట్లదే పైచేయి, కార్టరే అధ్యక్షుడు.

అధ్యక్ష పదవి తన ఒక్క ఓటు మీద ఆగి ఉందని తెలిసి కూడా అతను రీగన్‌కే వేసేవాడా? దీని మీద మా క్లాసులో అరగంట అరుచుకున్నారు. నా మటుకు నాకు, వేసేవాడు కాదనిపిస్తుంది. ఎలాగూ ఓడిపోయాం కదా అన్నప్పుడు చూపించే తెగువ వేరు.

అపోహ: 1960లో చికాగోలో దొంగ ఓట్లు పడకపోతే నిక్సనే అధ్యక్షుడు

దీని జోలికి వెళ్లి పరువు పోగొట్టుకున్నది నేనే. క్లాసు మొదలుపెట్టిన కొత్తలో, కెనెడీ కోసం దొంగ ఓట్లు వేయించారని పేరుపడ్డ చికాగో మేయర్ డేలీ మనుషుల్ని నిజాయితీపరుల్ని చేసేసి, ఇల్లినాయ్‌ని నిక్సన్‌కిచ్చి, వియత్నాం దాకా ముప్ఫై పేజీలు రాశాను. వెనక బెంచీలో ఖమ్మం పిల్ల ఒకమ్మాయి చెయ్యెత్తి, "సార్, 303లోంచి 27 తీసేస్తే 276 కదా?" అంది. అంతే, ముప్ఫై పేజీలూ పోయాయి.

కెనెడీకి వచ్చినవి 303, నిక్సన్‌కి 219. ఆ ఏడాది మొత్తం 537, గెలవాలంటే 269. ఇల్లినాయ్‌లో తేడా 8,858 ఓట్లే, కాబట్టి అందరి కళ్లూ అక్కడే పడతాయి. కానీ ఆ 27 పోయినా కెనెడీకి 276 మిగులుతాయి. నిక్సన్ గెలవాలంటే టెక్సస్ 24 కూడా రావాలి, అప్పుడు సరిగ్గా 270. టెక్సస్‌లో తేడా 46 వేల పైచిలుకు. అక్కడ కెనెడీ పక్కన ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్నది ఆ రాష్ట్రపు సొంత మనిషి లిండన్ జాన్సన్. అంటే రెండు వేర్వేరు రాష్ట్రాల్లో, రెండు వేర్వేరు కారణాలతో ఫలితం తారుమారు కావాలి. అది ఒక మలుపు కాదు, రెండు. రెండు మలుపులు అడిగేవాడు మూడోది కూడా అడుగుతాడు.

దొంగ ఓట్లు పడలేదని నేననడం లేదు. చికాగో సంగతి ఎవరికి తెలియదు? పడినా పడకపోయినా ఆ ఒక్క ఊరితో ఎన్నిక తిరగబడదు, నేనన్నది అంతే.

అదే 1960లో అసలైన వింత హవాయిలో జరిగింది. మొదట నిక్సన్ 141 ఓట్లతో గెలిచినట్టు ధ్రువీకరించారు, రీకౌంటింగ్‌లో కెనెడీ 115 ఓట్లతో గెలిచాడు. రెండు పార్టీల ఎలక్టర్లూ ఓట్లేసి పంపారు. దాని వల్ల ఫలితమేమీ మారదు గనక ఎవరికీ గుర్తులేదు.

అపోహ: 2000లో గోర్‌ని ఓడించింది రాల్ఫ్ నేడర్

ఓట్ల చీలిక అంటే మనవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. 2009లో ప్రజారాజ్యం లేకపోతే అనే వాదన ఇప్పటికీ టీ కొట్టు దగ్గర వింటూనే ఉంటాం. ఎన్నికను తేల్చిన ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల ఓట్లకు గోర్ మీద బుష్ ఆధిక్యం 537. గ్రీన్ పార్టీ నేడర్‌కి వచ్చినవి 97,488. నేడర్ ఓటర్లందరూ గోర్ మనుషులు కారు. కొందరు బుష్‌కి వేసేవాళ్లు, చాలామంది ఇంట్లో కూర్చునేవాళ్లు. అదంతా పోను, ప్రతి 180 మందిలో ఒక్కరు నికరంగా గోర్ వైపు మిగిలినా చాలు. కాబట్టి నేడర్ లేకపోతే గోర్ గెలిచేవాడనే మాట చాలావరకు నిలబడుతుంది.

అయినా "ఓడించింది నేడర్" అనే మాట నాకు నచ్చదు. ఫ్లోరిడా బ్యాలెట్ మీద బుష్, గోర్ కాక ఇంకో ఎనిమిది మంది పేర్లున్నాయి. ఎనిమిది మందికీ తలా 537 కంటే ఎక్కువే వచ్చాయి. అందరికంటే అడుగున ఉన్న సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ అభ్యర్థికి కూడా 562. తేడా అంత సన్నగా ఉన్నప్పుడు ఏది పట్టుకున్నా కారణమే అవుతుంది. గోర్ సొంత రాష్ట్రం టెనెసీ గెలిచి ఉంటే ఫ్లోరిడా అక్కర్లేదు. 7,211 ఓట్లతో పోయిన న్యూ హాంప్‌షైర్, నాలుగంటే నాలుగు ఎలక్టోరల్ ఓట్లు, అది వచ్చినా అక్కర్లేదు.

నాకిష్టమైన మలుపు వీటిలో ఏదీ కాదు, ఒక కాగితం. పామ్ బీచ్ కౌంటీలో వయసు మళ్లిన ఓటర్లు ఎక్కువ. వాళ్లకు అక్షరాలు పెద్దగా కనబడాలని పేర్లను పుస్తకం తెరిచినట్టు రెండు వైపులా అచ్చేసి, మధ్యలో ఒకే వరుస రంధ్రాలు పెట్టారు. ఎడమ పక్క పైన బుష్, దాని కింద గోర్. కుడి పక్క పైన రిఫార్మ్ పార్టీ అభ్యర్థి బుకానన్. ఎడమ పక్క చదువుకుంటూ వచ్చినవాడికి గోర్ రెండో పేరు. రంధ్రాల్లో మాత్రం మొదటిది బుష్‌ది, రెండోది బుకానన్‌ది, మూడోది గోర్‌ది. ఆ కౌంటీలో బుకానన్‌కి 3,407 ఓట్లు పడ్డాయి, ఫ్లోరిడాలో ఇంకే కౌంటీలోనూ ఆయనకు అందులో సగం కూడా రాలేదు. అవన్నీ తనవి కావని ఆయనే ఒప్పుకున్నాడు. ఇవి కాక రెండేసి రంధ్రాలు పొడిచి చెల్లకుండా పోయిన బ్యాలెట్లు 19 వేల పైమాటే.

ఆ బ్యాలెట్ నమూనా జిరాక్స్ తీసి అట్టకు అంటించి పెట్టుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ల చేతికి దబ్బనం ఇచ్చి "గోర్‌కి ఓటెయ్, పది సెకన్లు" అంటాను. ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు బుకానన్‌నే పొడుస్తారు, ఇరవై ఏళ్ల కళ్లతో కూడా. తీరా చూసుకుని "అయ్యో, ఇంకో కాగితం ఇవ్వండి సార్" అంటారు. అక్కడ ఓటర్లు కొందరు అలా అడగకుండా సరిదిద్దుతున్నామనుకుని మూడో రంధ్రం కూడా పొడిచారు.

దీనికి తోక అపోహ ఒకటుంది: సుప్రీంకోర్టు డిసెంబర్ 12న రీకౌంటింగ్ ఆపకపోతే గోర్ గెలిచేవాడని. 2001లో కొన్ని పెద్ద వార్తాసంస్థలు కలిసి ఫ్లోరిడాలో తిరస్కరించిన బ్యాలెట్లను ఒక్కొక్కటిగా పరిశీలింపజేశాయి. గోర్ అడిగిన నాలుగు కౌంటీల లెక్క పూర్తయినా, రంధ్రం సరిగా పడని బ్యాలెట్లను రాష్ట్రమంతా లెక్కించినా బుష్ ఆధిక్యం మిగిలేదని తేలింది. రెండు రంధ్రాలు పడినవి కూడా కలిపి అన్నీ లెక్కపెడితేనే గోర్ స్వల్పంగా ముందుంటాడు. ఆ లెక్క మాత్రం గోర్ లాయర్లు అడగనే లేదు. కాబట్టి ఈ కథలో మలుపు కోర్టు హాల్లో పెడితే తప్పు, లాయర్ల గదిలో పెట్టాలి.

అపోహ: గెలిచినవాడు పదవిలోకి రాకముందే చనిపోతే రెండోవాడికి పదవి

మన దగ్గర స్కూల్ లీడర్ ఎన్నిక కూడా అలా జరగదు, అయినా ఎందుకో చాలామంది ఇదే అనుకుంటారు. 1933 ఫిబ్రవరి 15న మయామీలో జాంగరా అనేవాడు, ఎన్నికలో గెలిచి ఇంకా పదవిలోకి రాని రూజ్‌వెల్ట్ మీద కాల్పులు జరిపాడు. గుళ్లు పక్కనున్నవాళ్లకు తగిలాయి. చికాగో మేయర్ సెర్మాక్ ఆ గాయంతోనే మార్చి 6న చనిపోయాడు. గురి కుదిరి ఉంటే ఓడిపోయిన హూవర్ కొనసాగేవాడా? లేదు. అంతకు సరిగ్గా 23 రోజుల ముందు, జనవరి 23న, 20వ సవరణ ఆమోదం పొందింది. దాని ప్రకారం ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన టెక్సస్ నాయకుడు గార్నర్ అధ్యక్షుడయ్యేవాడు. రూజ్‌వెల్ట్ ఆర్థిక సంస్కరణల కార్యక్రమం న్యూ డీల్ విషయంలో ఆయనకూ రూజ్‌వెల్ట్‌కూ తర్వాత తర్వాత పడలేదు. అక్కడి నుంచి కథ రాయాలి.

ఎలక్టర్లు ఓటేయకముందే చనిపోతే ఇంకో దారి. 1872లో ఓడిపోయిన గ్రీలీ నవంబర్ 29న కన్నుమూశాడు. ఆయన 66 మంది ఎలక్టర్లలో 63 మంది వేరే పేర్లకు ఓటేశారు. చనిపోయినాయనకే వేసిన ముగ్గురి ఓట్లను కాంగ్రెస్ లెక్కలోకి తీసుకోలేదు. మా క్లాసులో రాజ్యాంగం ప్రతి బల్ల మీద ఉంటుంది. కథ రాసేముందు అది చదవాలి.

అపోహ: టై అయితే ఎక్కువ జనం ఓటేసినవాడే గెలుస్తాడు

2020లో ట్రంప్ మీద బైడెన్ ఆధిక్యం అరిజోనాలో 10,457, జార్జియాలో 11,779, విస్కాన్సిన్‌లో 20,682 ఓట్లు. ఈ మూడు చోట్ల ఫలితం తిరగబడితే 269-269. బైడెన్‌కి దేశం మొత్తం మీద 70 లక్షల ఓట్లు ఎక్కువొచ్చిన సంగతి అక్కడ పనికిరాదు. ప్రతినిధుల సభలో రాష్ట్రానికి ఒకే ఓటు, గెలవడానికి 26 కావాలి. కాలిఫోర్నియాకూ ఒకటే, వ్యోమింగ్‌కూ ఒకటే. డాలస్ మిత్రుడొకాయన ఇది మొదటిసారి విన్నప్పుడు "ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను, నిజంగానా?" అన్నాడు.

అపోహ: మలుపు ఎన్నికల రోజునే ఉండాలి

1876లో అధ్యక్షుడైన హేస్‌కి 185, ఓడిన టిల్డెన్‌కి 184 ఎలక్టోరల్ ఓట్లు. అందరూ ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినా గొడవల మీద పడతారు. ఆ ఏడాది ఆగస్టు 1నే కొలరాడో రాష్ట్రమైంది. అక్కడ ప్రజలు ఓటేయలేదు, శాసనసభే ముగ్గురు ఎలక్టర్లను ఎంపిక చేసింది, మూడూ హేస్‌కే. కొలరాడో ఆరునెలలు ఆలస్యమై ఉంటే హేస్ 182. మొత్తం 366కి తగ్గుతుంది, గెలవడానికి 184 కావాలి. టిల్డెన్ దగ్గరున్నవి అవే. వివాదాస్పదమైన రాష్ట్రాలన్నీ ఎదుటివాడికే ఇచ్చేసినా సరే.

అపోహ: అధ్యక్షుడు మారితే అంతా మారిపోతుంది

"గోర్ వచ్చి ఉంటే 9/11 జరిగేది కాదు" అని ఎవరో ఒకరు ప్రతి ఏడూ రాసుకొస్తారు. ఫ్లోరిడాలో ఓట్లు లెక్కపెడుతున్న ఆ వారాల్లోనే అదే రాష్ట్రంలో వెనిస్ అనే ఊళ్లో, ఆ దాడికి నాయకత్వం వహించిన హైజాకర్ మహమ్మద్ అట్టా విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. గోర్ ఆపగలిగేవాడా అన్నది అడగదగ్గ ప్రశ్నే. కానీ కుట్ర మొదలయ్యేదే కాదనడానికి లేదు. అధ్యక్షుడు మారితే అతని చేతిలో ఉన్నవే మారతాయి. మిగతా ప్రపంచం దాని పని అది చేసుకుపోతుంది.

1916లో రిపబ్లికన్ అభ్యర్థి హ్యూస్ ప్రచారానికి వెళ్లి లాంగ్ బీచ్‌లో ఒక హోటల్లో దిగాడు. అదే హోటల్లో కాలిఫోర్నియా గవర్నర్ హైరమ్ జాన్సన్ ఉన్నాడు. ఇద్దరూ ఒకే పార్టీ. కలవలేదు, కరచాలనం లేదు. నవంబర్‌లో జాన్సన్ సెనేట్‌కి దాదాపు 3 లక్షల ఆధిక్యంతో గెలిస్తే, హ్యూస్ అదే రాష్ట్రంలో 4 వేల లోపు తేడాతో ఓడాడు. ఆ 13 ఎలక్టోరల్ ఓట్లు వచ్చి ఉంటే అప్పటి అధ్యక్షుడు, డెమోక్రాట్ విల్సన్ 264, హ్యూస్ 267. కరచాలనం ఒక్కటీ పెడితే చాలు, ఇంత చక్కని మలుపు నాకింకెక్కడా దొరకలేదు. కానీ అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగకుండా ఉండేదా? జలాంతర్గాములతో కనబడిన ఓడనల్లా ముంచాలని జర్మనీ 1917 జనవరి 9న తీర్మానించుకుంది. వైట్ హౌస్‌లో ఎవరున్నారని అడిగి చేసిన తీర్మానం కాదది. అప్పట్లో కొత్త అధ్యక్షుడు మార్చి 4 దాకా రాడు.

ఆ నాలుగు నెలల ఖాళీ గురించి విల్సనే ముందు ఆలోచించాడు. పోలింగ్‌కి రెండు రోజుల ముందు, నవంబర్ 5న, విదేశాంగ మంత్రి లాన్సింగ్‌కి ఉత్తరం రాశాడు: నేను ఓడితే హ్యూస్‌ని నీ స్థానంలో నియమిస్తాను, ఆ వెంటనే నేనూ ఉపాధ్యక్షుడూ రాజీనామా చేస్తాం. అప్పటి చట్టం ప్రకారం వాళ్లిద్దరి తర్వాత వరుసలో ఉండేది విదేశాంగ మంత్రే, కాబట్టి హ్యూస్ మార్చి దాకా ఆగకుండా అధ్యక్షుడైపోతాడు. అంటే విల్సన్ తన ఓటమిని తానే మెట్టు మెట్టుగా రాసుకుని కవర్లో పెట్టాడు. కాలిఫోర్నియా ఆయనకే వచ్చింది గనక ఆ ఉత్తరంతో పనిపడలేదు.

1916 మీద కూర్చున్నప్పుడు మావాళ్లు ప్రతిసారీ ఇరుక్కునేది ఇక్కడే. విల్సన్ మాట మీద నిలబడతాడు, లాన్సింగ్ తప్పుకుంటాడు, సరే. ఉపాధ్యక్షుడు మార్షల్ "నేనెందుకు రాజీనామా చేయాలి?" అంటే? పోయిన ఆదివారం సగం మంది మార్షల్‌ని ఒప్పించారు. మిగతా సగం మంది అతన్నే అధ్యక్షుణ్ణి చేసేశారు.