ద్వీపాంతరం అంటే చీకటి గది కాదండీ!

సిడ్నీకి పిల్లల దగ్గరకు వచ్చే తెలుగు అమ్మానాన్నలకు హైడ్ పార్క్ బ్యారక్స్ అనే పాతకాలపు ఖైదీల బస తిప్పి చూపించడం నా పని. గేటు దగ్గరే మొదలవుతుంది: "ఇదేనా బాబూ, ఇక్కడి సెల్యులర్ జైలు?"

అపోహ: ద్వీపాంతరం (దేశం దాటించి పంపే శిక్ష) పడితే ఓడలో తెచ్చి జైలు గదిలో పడేసేవారు.

మనకు ఆ మాట వినగానే అండమాన్ గుర్తొస్తుంది, తప్పు లేదు. మన శిక్షాస్మృతిలో కూడా 1955 సవరణ దాకా ఆ మాటే ఉండేది. కానీ సెల్యులర్ జైలు పూర్తయింది 1906లో. ఆస్ట్రేలియాకు ఖైదీల ఓడలు 1788లో మొదలై 1868తో ఆగిపోయాయి. ఇక్కడ శిక్ష అంటే సొంత ఊరికి దూరం చేయడం, పని చేయించడం. ఈ బ్యారక్స్ రాత్రి పడుకునే బస. 1819లో ఇది కట్టేదాకా ప్రభుత్వ పనిలో ఉన్న ఖైదీలు బస తామే చూసుకునేవారు.

దీన్ని డిజైన్ చేసినవాడే ఒక ఖైదీ. ఫ్రాన్సిస్ గ్రీన్‌వే, బ్రిస్టల్ ఆర్కిటెక్టు. 1809లో దివాలా తీశాడు. ఇంటి కాంట్రాక్టుకు సంబంధించిన కాగితం ఫోర్జరీ చేశానని 1812లో కోర్టులో ఒప్పుకున్నాడు. పడింది ఉరిశిక్ష! దాన్ని 14 ఏళ్ల ద్వీపాంతరానికి తగ్గించారు. 1814 ఫిబ్రవరిలో 'జనరల్ హెవిట్' ఓడలో దిగాడు. అసలు నరకం ఆ ఓడే. ఎక్కిన 300 మందిలో 34 మంది దారిలోనే పోయారు. దిగాక మాత్రం సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. అదే ఏడాది జులైలో భార్యాబిడ్డలూ వచ్చారు. 1816లో రోజుకు 3 షిల్లింగుల జీతంతో ప్రభుత్వ ఆర్కిటెక్టు అయ్యాడు. లైట్‌హౌస్ కడితే షరతులతో క్షమాభిక్ష వచ్చింది, ఈ బ్యారక్స్ కడితే పూర్తి క్షమాభిక్ష. 1966 నుంచి 1993 దాకా ఇక్కడి పది డాలర్ల నోటు మీద బొమ్మ ఆయనదే.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, పోయినేడు ఒక ఆంటీ గుంపులోంచి నన్ను పక్కకు పిలిచారు. కొడుకు ఇక్కడి అమ్మాయిని చేసుకుంటానన్నాడు. ఆ అమ్మాయి ఏడు తరాల కిందటి తాత ఫోర్జరీ కేసులో వచ్చాడట. "దొంగ సంతకాల వంశం అంటున్నారు బాబూ, నిద్ర పట్టట్లేదు" అన్నారు. ఊళ్లో ఎవరో "ద్వీపాంతరం పడిందంటే హత్యలే చేసుంటాడు" అని వాట్సాప్ పెట్టారట. సంబంధం దాదాపు వద్దనేసుకున్నారు. ఆవిడ టెన్షన్ చూస్తే జాలేసింది. ఆ మెసేజ్ పెట్టినవాళ్ల మీదే నా కోపమంతా.

ఆంటీ, ఆ రోజుల్లో ఇంగ్లాండులో దొంగ నోటు చలామణీ చేస్తే ఉరి. దొంగ నోట్లు దగ్గరున్నాయని ఒప్పుకుంటే 14 ఏళ్లు. శిక్ష పెద్దదైతే మనిషి రాక్షసుడనేం కాదు. పైగా ఇక్కడివాళ్లు అలాంటి తాత దొరికితే గొప్పగా చెప్పుకుంటారు, మనం జమీందారు తాత గురించి చెప్పుకున్నట్టు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తా. "అందరూ రొట్టె ముక్క దొంగిలించిన అమాయకులే" అనేదీ తప్పే. గ్రీన్‌వే ఎక్కిన ఓడలోనే వచ్చిన జోసెఫ్ లైసెట్ కూడా ఫోర్జరీ కేసే. వచ్చిన ఏడాదికే సిడ్నీలో మళ్లీ దొంగ నోట్లు అచ్చేశాడు! (బొమ్మలు మాత్రం అద్భుతంగా వేసేవాడు.) "గడువు తీరితే ప్రభుత్వమే ఇంటికి పంపేది" అంటారు. పంపేది కాదు, టికెట్ డబ్బులు సొంతంగా పెట్టుకోవాలి. గడువుకు ముందే తిరిగెళ్లి దొరికితే 1834 దాకా మళ్లీ ఉరే. లైసెట్ క్షమాభిక్ష పొంది 1822లో వెళ్లిపోయాడు. గ్రీన్‌వే వెళ్లలేదు. అదే ఏడాది ఉద్యోగం పోయింది, 1837లో ఇక్కడే చనిపోయాడు.

ఇదంతా విని ఆంటీ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ పది డాలర్ల నోటు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుందా బాబూ, మా ఆయనకు చూపించాలి."