పాత బంగళా తోటకు కొత్త రూపు: అపోహలు, వాస్తవాలు

తాతల నాటి ఇల్లు, చుట్టూ పెద్ద తోట. మనవలు దాన్ని ఈ కాలానికి తగ్గట్టు మార్చాలనుకుని నన్ను పిలుస్తారు. చాలాసార్లు నేను వెళ్లేసరికే జేసీబీ గేటు దగ్గర ఉంటుంది. ఇది రాయడానికి కారణం అదే.

అపోహ: చెట్లు కొట్టడం లేదు కదా, మట్టి పోసి లెవెల్ చేస్తే ఏమవుతుంది?

వాస్తవం: నా అనుభవంలో పాత చెట్లు ఎక్కువగా పోయింది ఈ లెవెలింగ్‌తోనే. నీటిని పీల్చే సన్న వేళ్లలో చాలా భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వాటి మీద అడుగున్నర మట్టి పోసి రోలర్ తిప్పితే గాలి అందదు. చెట్టు వెంటనే ఎండిపోదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒక తోటలో మామిడి మొదటి వేసవి పచ్చగానే ఉంది. రెండో ఏడు కొమ్మల చివర్లు ఎండాయి. తెగులనుకుని మందులు కొట్టారు. మూడో ఏడు నన్ను పిలిచారు. మొదలు దగ్గర మట్టి తీసి చూస్తే బెరడు చుట్టూ కుళ్లిపోయి ఉంది. దాన్ని కాపాడలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మానుకు ఛాతీ ఎత్తులో టేపు చుట్టండి. ఎన్ని అంగుళాలు వస్తే దాన్ని మూడుతో భాగించండి. 72 వస్తే 24. అంటే చుట్టూ 24 అడుగుల వరకు తవ్వకం, మట్టి, లారీలు వద్దు. అక్కడ బాట కావాలంటే నేల తవ్వకుండా పలచగా ఇసుక పరిచి, సందులు వదిలి తాండూరు బండలు వేయండి. చూడటానికి కూడా కొత్తగా ఉంటుంది.

అపోహ: మోడర్న్ లుక్ అంటే లాన్.

మండువేసవిలో గడ్డికి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. 100 చదరపు మీటర్లకు లెక్కేస్తే 500 లీటర్లు. మామిడి నీడలో అది ఎలాగూ సరిగా ఎదగదు. అక్కడ స్పైడర్ లిల్లీ, స్నేక్ ప్లాంట్ వేసి, రాలిన ఆకును అలాగే ఉంచండి.

అపోహ: పాడుబడ్డ బావి అరిష్టం, పూడ్చేయాలి.

హైదరాబాద్‌లో చెత్తతో నిండిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో మళ్లీ తెరిచారు. మీ బావికి గట్టి గ్రిల్ వేసి, డాబా మీది వాన నీటిని కంకర, ఇసుక ఫిల్టర్ గుండా అందులోకి పంపండి. కారు షెడ్డు నీళ్లు మాత్రం వదలొద్దు.

అపోహ: చెట్టు మాది, కొట్టడం మా ఇష్టం.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చాలా రకాల చెట్లకు అనుమతి తీసుకోవాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ అంతే.

అపోహ: పాతదీ కొత్తదీ కలవవు.

ఢిల్లీలో హుమాయూన్ సమాధి పక్కనున్న సుందర్ నర్సరీకి ఒకసారి వెళ్లండి. మొఘల్ కాలపు కట్టడాలు, పెద్ద చెట్లు ఉన్న ఆ చోట మొహమ్మద్ షహీర్ డిజైన్‌తో నీటి కాలువలు, కొత్త బాటలు వచ్చాయి. 2018లో జనానికి తెరిచారు. ఏది పాతదో, ఏది కొత్తదో వెతుక్కుంటూ నేను ఒక పూటంతా అక్కడే తిరిగాను.

ప్రస్తుతం చేస్తున్న తోటలో ఒక పొగడ చెట్టు కోసం ఈతకొలనును పదిహేను అడుగులు జరిపాం. ఆ ఇంటి బామ్మగారు పొద్దున్నే దాని కింద పూలు ఏరుకుంటున్నారు.