నా షాపునే సాక్షిగా పిలిచారు కదా

కర్నూలు

చిరంజీవులు పాపకు, చిన్నోడికి తాత ఆశీస్సులు.

మొన్న దసరా సెలవుల్లో ఉగ్గాని, బజ్జీలు తింటూ మీరిద్దరూ వేసుకున్న గొడవ ఇంకా నా చెవుల్లోనే ఉంది. "గడియారం ఉందంటే చేసినవాడు ఉండాలి కదా, తాత షాపులో చూడు. మరి ఇంత లోకం ఊరికే వచ్చేసిందా?" అంది పాప. చిన్నోడు ఊరుకుంటాడా? "దేవుడే ఉంటే అదే షాపు వరదలో ఎందుకు మునిగింది?" అన్నాడు. అవ్వ వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి సంగతి అక్కడితో తేల్చేసింది. మొట్టికాయతో నోరు మూతపడుతుంది గానీ ప్రశ్న పోదు. ఇద్దరూ నా షాపునే సాక్షిగా పిలిచారు కాబట్టి, నలభై ఏళ్ళు ఆ బల్ల ముందు కూర్చుని గడియారాలు బాగుచేసినవాడిగా నా సాక్ష్యం నేను చెప్పాలి.

ముందు పాప మాట. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ అనే మతగురువు సరిగ్గా ఇదే రాశాడు. బీడు నేలలో నడుస్తుంటే కాలికి రాయి తగిలితే, ఎప్పటినుంచో అక్కడే పడి ఉందిలే అనుకుంటాం. గడియారం దొరికితే అలా అనుకోం, ఎవరో చేశారంటాం. మరి కన్ను, రెక్క, చెవి గడియారం కంటే నేర్పుగా అమరి ఉన్నాయి కదా అన్నాడు. ఆయనకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే మన మిథిలలో ఉదయనుడనే తార్కికుడు కుండను పెట్టి ఈ మాట చెప్పాడు. కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టే, భూమి కూడా పుట్టిన వస్తువే కాబట్టి దానికీ కర్త ఉండాలని. ఈయన మీద ఒక కథ చెబుతారు. పూరీ గుడికి పోతే తలుపులు మూసి ఉన్నాయట. "ఐశ్వర్యం తలకెక్కి నన్ను లెక్కచేయడం లేదు. రేపు బౌద్ధులు వాదానికి వస్తే నువ్వు ఉండడం, లేకపోవడం నా చేతిలో ఉంది" అని జగన్నాథుణ్ణే గదమాయించాడట. జరిగినా జరగకపోయినా నాకు ఆ మనిషి అందుకే ఇష్టం.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. హెచ్.ఎం.టి. జనతా గడియారం వెనక మూత తీసి, కంటికి అద్దం పెట్టుకుని చూస్తే, వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఒకటి ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉంటుంది. నిద్రపోయే పసిపిల్ల పొట్ట చూశారా, అట్లా. దాంతోపాటు బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ తిరుగుతుంది. సెకనుకు ఐదు టిక్కులు. ఇరుసులు అరగకుండా పదిహేడు ఎర్ర రాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నాకు పదహారేళ్ళు. మా గురువు చేతిలోంచి అద్దం లాక్కుని చాలాసేపు ఇవ్వలేదు. కాబట్టి పాపా, నీ ఆశ్చర్యాన్ని నేను తీసిపారెయ్యను. కానీ ఆశ్చర్యపోవడం వేరు, రుజువు కావడం వేరు.

నాకు తెలిసి ఏ గడియారాన్నీ ఒక్కడు చేయలేదు. స్ప్రింగు ఒకడి తెలివి, రాళ్ళు పొదగడం ఇంకొకడిది. పనికిరాని మోడళ్ళు ఎన్నో చెత్తబుట్టలోకి పోయాక మంచిది ఒకటి నిలబడింది. స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఓడను చూపించి ఈ మాటే అడిగాడు. ఓడ బాగుందని వడ్రంగిని తెగ పొగుడుతాం, తీరా చూస్తే వాడు ముందువాళ్ళ పని చూసి నేర్చుకున్న మామూలు మనిషి కావచ్చు. లోకాన్ని చూసి, చేసినవాడు ఒక్కడేననీ, అన్నీ తెలిసినవాడనీ, మంచివాడనీ ఎట్లా తేల్చావు? హ్యూమ్ పోయాక 1779లో అచ్చయింది ఈ పుస్తకం. అంటే పేలీ ప్రశ్న వేయకముందే జవాబు అచ్చయి ఉంది. చదువుకున్నవాళ్ళలోనూ ఇట్లాంటివి జరుగుతుంటాయి.

ఇంకో తేడా మరీ పెద్దది. గడియారాలు పిల్లల్ని పెట్టవు. రాత్రి డ్రాయర్లో రెండు పెట్టి తాళం వేస్తే పొద్దునకు రెండే ఉంటాయి. మేకలు అట్లా కాదు. పుట్టిన పిల్లలన్నీ ఒక్కలా ఉండవు. మన సీమ కరువులో ఎండు కంపను నమిలి అరిగించుకున్న పిల్ల బతుకుతుంది, దాని పిల్లలకూ ఆ గుణం వస్తుంది. ఇట్లా లక్షల తరాలు గడిస్తే, ఎవరో కూర్చుని చేసినట్టే కనబడే అమరిక దానంతట అదే వస్తుంది. 1859లో డార్విన్ చూపించింది ఇదే. చదువుకునే రోజుల్లో పేలీ రాసింది మెచ్చుకున్నవాడే ఆయన కూడా.

చిన్నోడా, ఎగరొద్దు. పడిపోయింది గడియారం వాదమే. మేక పుట్టాలంటే ముందు నేల ఉండాలి, నీళ్ళుండాలి, ఒక పద్ధతిగా నడిచే ప్రకృతి ఉండాలి. వాటికి మొదటి కీ ఎవరిచ్చారు? మొదలున్న ప్రతిదానికీ కారణం ఉంటుంది, లోకానికి మొదలుంది, కాబట్టి దానికీ కారణం ఉందన్నాడు ఇస్లాం పండితుడు ఇమామ్ గజాలీ. 1111లో పోయాడాయన. అసలు ఏమీ లేకుండా ఉండే బదులు ఏదో ఒకటి ఎందుకుంది అని అడిగాడు జర్మనీ తత్వవేత్త లైబ్‌నిజ్. ఈ రెండో ప్రశ్న దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ చేయి ఆగిపోతుంది.

"మరి దేవుణ్ణి ఎవరు చేశారు?" అని నువ్వు అడుగుతావని తెలుసు. ఆయనకు మొదలు లేదు కాబట్టి కారణం అక్కర్లేదంటారు వాళ్ళు. అయితే లోకానికే మొదలు లేదనుకోవచ్చు కదా అంటారు వీళ్ళు. ఆటోమేటిక్ గడియారానికి కీ ఇవ్వక్కర్లేదు, చేయి ఊగితే అదే చుట్టుకుంటుంది. కానీ చేయి కావాలి. చేయి కూడా అక్కర్లేని గడియారం నేను చూడలేదు. అయితే నేను చూసినవన్నీ లోకం లోపలివి. లోకం మొత్తాన్ని బల్ల మీద పెట్టి మూత తీసినవాడు ఇంతవరకూ ఎవడూ లేడు.

ఇక్కడ మీకొక వింత చెప్పాలి. దేవుడు లేడనడం పడమటి నుంచి వచ్చిన రోగం అని టీవీలో పెద్దమనుషులు అంటుంటారు. ఏడో శతాబ్దం ప్రాంతంలో కుమారిలభట్టు అని ఒక మీమాంసకుడు, అంటే వేదవాక్యాల అర్థం తేల్చే పండితుడు, ఉండేవాడు. వేదం అంటే ప్రాణం ఆయనకు. అయినా సృష్టికర్తను ఒప్పుకోలేదు. సృష్టించినవాడికి శరీరం లేకపోతే సృష్టించాలన్న కోరిక ఎట్లా పుట్టింది? ఉంటే ఆ శరీరాన్ని ఎవరు చేశారు? దయతో చేశాడంటే, ఇంకా ఎవరూ పుట్టకముందు దయ ఎవరి మీద? సాంఖ్యులు, జైనులు, బౌద్ధులు కూడా సృష్టికర్త లేకుండానే లెక్క నడుపుకున్నారు. ఋగ్వేదంలో నాసదీయ సూక్తమైతే ఈ సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఆయనకూ తెలియదేమో అని ఆగిపోతుంది.

అట్లాగని కంటికి కనబడలేదు కాబట్టి లేడు అనడం కూడా కుదరదు, చిన్నోడా. కంటికి కనబడేదే నిజమనే చార్వాకులు ఆ మాట అంటే ఉదయనుడు ఎట్లా ఎగతాళి చేశాడో విను. కనబడనిది లేనట్టే అయితే, ఇంటి నుంచి బయటికి వచ్చిన చార్వాకుడు పెళ్ళాం బిడ్డలు కనబడటం లేదని గుండెలు బాదుకుని ఏడవాలి కదా, మరి సాయంత్రం ఏ ఇంటికి పోతున్నాడు?

రెండు వాదాల్ని తొందరగా దాటేస్తాను. ఇంతకంటే గొప్పది ఊహించలేనంత గొప్పది దేవుడు, ఊహలో ఉన్నదానికంటే నిజంగా ఉన్నది గొప్పది, కాబట్టి దేవుడు ఉన్నాడు అన్నాడు పదకొండో శతాబ్దంలో ఆన్సెల్మ్ అనే క్రైస్తవ మతగురువు. ఆ లెక్కన అన్ని దీవుల్లోకీ గొప్ప దీవి కూడా ఉండి తీరాలి కదా అని అప్పుడే గౌనిలో అనే సాధువు అడిగాడు. జిల్లా గ్రంథాలయంలో కూర్చుని ఎన్నిసార్లు చదివినా నాకిది మాటల గారడీగానే కనబడింది. ఫ్రాన్సు గణితవేత్త పాస్కల్‌ది పందెం. నమ్మితే పోయేది తక్కువ, నిజమైతే వచ్చేది అనంతం, కాబట్టి నమ్మడమే లాభం అని. ఏ దేవుడి మీద కాయాలో చెప్పలేదాయన. లాభం చూసుకుని దండం పెట్టేవాణ్ణి మన వీధి వడ్డీ వ్యాపారే పసిగడతాడు, దేవుడు పసిగట్టడా?

ఇక చిన్నోడి ప్రశ్న. ఇది బరువైనది.

2009 అక్టోబర్ 2, శుక్రవారం, గాంధీ జయంతి. షాపు మూసి ఉంది. పైన తుంగభద్ర, ఇటు హంద్రీ, కింద శ్రీశైలం వెనక జలాలు. ఆ రోజుల్లో శ్రీశైలం డ్యామ్‌కు దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. పాత ఊరంతా నీళ్ళు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠం కూడా మునిగింది. మూడు రోజులకు షట్టర్ ఎత్తితే లోపల మోకాలి లోతు బురద. రిపేరుకు వచ్చిన గడియారాలు ఒక్కోటి ఒక్కో కాగితం కవర్లో వేసి, పైన పేరు రాసి పెట్టేవాణ్ణి. సిరా మొత్తం కరిగిపోయింది. అరవై పైగా గడియారాలు, ఎవరివో ఒక్కటీ తెలియదు. మంచం మీద దుప్పటి పరిచి అన్నీ ఆరబెడితే, జనం వచ్చి వంగి చూసి, గీత పడిన అద్దాన్నో తెగిన బెల్టునో బట్టి తమది గుర్తుపట్టి తీసుకుపోయారు.

గడియారాలు సరే. మా వెనక వీధిలో ఒక ముసలామె ఉండేది. పొద్దున లేచి దీపం పెట్టందే కాఫీ తాగేది కాదు. ఆమె పోయింది. అదే వీధిలో నూటికి పది వడ్డీ తీసే ఆసామి బతికాడు. ఆయనకు మేడ ఉంది. ఆ రోజు బతికినవాళ్ళు పుణ్యం చేసినవాళ్ళు కాదు పాపా, మేడ ఉన్నవాళ్ళు.

దేవుడు అన్నీ చేయగలిగినవాడు, అందరి మీదా దయ ఉన్నవాడు అయితే ఇదెట్లా? ఈ ప్రశ్న మన ఊరిదే కాదు. 1755 నవంబర్ 1న పోర్చుగల్‌లో లిస్బన్ నగరం భూకంపానికి కూలింది. ఆ రోజు సకల పునీతుల పండుగ, జనమంతా చర్చిల్లో ఉన్నారు. కప్పులు వాళ్ళ మీదే పడ్డాయి. పండుగకు వెలిగించిన కొవ్వొత్తుల నుంచి కూడా మంటలు లేచాయి. వెనకే సముద్రం వచ్చింది. అంతా మన మంచికే అన్నవాళ్ళ మీద ఫ్రెంచి రచయిత వోల్టేర్ మండిపడ్డాడు.

జవాబులు లేకపోలేదు. మనిషికి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు, చెడు మనిషి చేసుకున్నదే అంటారు. హత్యకు, మోసానికి ఈ జవాబు కొంతవరకు సరిపోతుంది. నదికి స్వేచ్ఛ ఎక్కడిది? కష్టాలు మనిషిని గట్టిపరుస్తాయంటారు. బతికి బయటపడ్డ నన్ను గట్టిపరచిందేమో, ముసలామెను కాదు. మన దగ్గర అందరూ చెప్పేది పూర్వజన్మ కర్మ. ఈ జవాబులో లెక్క తప్పదు, అందుకే చాలామందికి ఊరట. నాకు మింగుడుపడనిది వేరే. ఆమె చేసిన తప్పేమిటో ఆమెకే గుర్తులేదు, మనకు తెలియదు. తెలియని తప్పుకు ఆమెను తప్పు పట్టి మనం మాత్రం హాయిగా పడుకుంటాం.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే సాక్ష్యం సగమే అవుతుంది. ఆ మూడు రోజులూ మేం మేడ మీద ఉన్నప్పుడు, మెడ లోతు నీళ్ళలో డేగిసా నెత్తిన పెట్టుకుని ఒక అబ్బాయి అన్నం తెచ్చేవాడు, పక్క వీధి మసీదు దగ్గర వండిన అన్నం. నీకెందుకురా ఇంత సాహసం అంటే "అల్లా పంపాడు మామా" అన్నాడు. పంపింది వాడి మంచితనమే అని నా మనసు. కానీ వాడు తన కారణం తాను చెబుతుంటే, కాదు నీ కారణం వేరే అని నేనెట్లా చెప్పను? వరద ఎవరు పంపారని వాణ్ణి అడగాలని నోటిదాకా వచ్చింది. అన్నం తినేశాను.

నువ్వు నమ్ముతావా తాతా అంటారు. లెక్క రాసుకుని మంచివాళ్ళను కాపాడే దేవుణ్ణి 2009 నుంచి నేను నమ్మడం లేదు. ఏమీ లేకుండా ఉండాల్సిన చోట ఇంత ఎందుకుందో నాకు తెలియదు. అక్కడ ఎవరైనా ఉన్నారంటే లేరని వాదించను. పొద్దున షట్టర్ ఎత్తేముందు గడపకు దండం పెట్టేవాణ్ణి, వరద తర్వాతా పెట్టాను. అది అలవాటు. మీ ఇద్దరిలో ఎవరూ దాన్ని సాక్ష్యంలో కలపొద్దు.

నాన్న చేతికి మా నాయన జనతా గడియారం ఇచ్చి పంపుతున్నాను. మూత ఇద్దరూ కలిసే తీయండి. స్ప్రింగును వేలితో ముట్టుకోవద్దు, నోటితో ఊదొద్దు, తడి తగిలితే తుప్పు పడుతుంది.

ఉత్తరం మొత్తం అవ్వకు చదివి వినిపించాను. "కుమారిలభట్టు బాగానే అడిగాడు గానీ, ఆయన ఇన్ని ప్రశ్నలు రాసుకుంటుంటే పూటపూటకూ అన్నం ఎవరు వండి పెట్టారో అది కూడా రాయి" అంది.

ఇట్లు,
మీ తాత