కర్నూలు కుర్రోళ్లు బస్సెందుకు దిగారు?

కర్నూలు జిల్లా బస్సు రూట్లు ఒక ముఖ్యమంత్రి పదవికే ఎసరు పెట్టాయి. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడ్డాక ప్రైవేటు రూట్లను జిల్లాలవారీగా జాతీయం చేస్తూ వచ్చారు. అప్పటి మోటారు వాహనాల చట్టంలో 1956లో చేర్చిన 68-సి సెక్షన్ కింద ఏ రూట్లు తీసుకుంటారో స్కీము ప్రకటించాల్సి ఉండేది, 68-డి కింద అభ్యంతరాలు వినాల్సి ఉండేది. ముఖ్యమంత్రి తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే జాతీయం చేసే వరుసలో పడమటి కర్నూలును ముందుకు జరిపారంటూ బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. ఆరోపణలకు అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా అఫిడవిట్ వేయకపోవడాన్ని కోర్టు ఎత్తిచూపింది. 1964లో ఆయన రాజీనామా చేశారు.

అంత రగడ జరిగిన రూట్లలో ఇప్పుడు ఇంటర్ దాటిన మగపిల్లలు బైకుల మీద పోతున్నారు. ఛార్జీ ఎక్కువై కాదు, విద్యార్థి పాస్ చౌకే. చిక్కంతా సాయంత్రం ట్రిప్పుతో. ల్యాబు ఐదింటికి వదిలి, ఊరి బస్సు నాలుగున్నరకే కదిలితే పాస్ ఉండీ దండగే. పైగా బస్సుకు ఐదు నిమిషాల ముందు షేర్ ఆటో స్టాపులన్నీ ఊడ్చుకుపోతుంది. ఆ ట్రిప్పు ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి, పడిపోతుంది. డిపో దాన్ని తీసేస్తుంది. మిగిలినవాళ్లూ బైకు కొంటారు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిసినా ఈ లెక్క పోలేదు.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడపిల్లలు ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు. తుంగభద్ర దాటి తెలంగాణకు పోయే అంతర్రాష్ట్ర బస్సులో మాత్రం చెల్లదు. సీట్లు నిండాయి సరే, బస్సులు ఆ మేరకు పెరగకపోతే ఫుట్‌బోర్డు మీద వేలాడేది మగపిల్లలే. వాళ్లను బస్సెక్కమనే ప్రచారాలు ఈ సంగతి ఎత్తవు.

డిపో మేనేజరుకు 'బస్సులు పెంచండి' అని రాసే అర్జీతో పని కాదు. ఏ స్టాపులో ఎందరు ఎక్కుతారు, వాళ్ల క్లాసు ఎన్నింటికి వదులుతుంది, ఎందరికి పాస్‌లున్నాయి అన్న పట్టీ జతచేసి, కాలేజీ ముద్ర వేయించి ఇవ్వాలి. కొత్త బస్సు అడిగేకంటే ఉన్న ట్రిప్పును నలభై నిమిషాలు ఆలస్యంగా నడపమనడం తేలిక: అదే బండి, అదే సిబ్బంది. అయితే రాత్రికి ఊళ్లోనే ఆగే నైట్‌హాల్ట్ లేని బండైతే డ్రైవరు, కండక్టరు డ్యూటీ గంటలు దాటిపోతాయి, అర్జీ ఎక్కువగా అక్కడే ఆగిపోతుంది. వేసవి సెలవుల్లో ఆపిన ట్రిప్పు జూన్‌లో దానంతటదే తిరిగొస్తుందని కూర్చోకుండా, మే నెలలోనే అర్జీ పెట్టుకోవాలి.